షూటింగ్‌కి మా పిల్లాణ్ణి అడుగుతున్నారు. చిన్నప్పుడు వేషాలేసిన పిల్లలు తర్వాత ఏమయ్యారు?

రాజోలు అమ్మాయి
మావాడికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. పోయిన నెల దిండి దగ్గర షూటింగ్ జరుగుతుంటే వాళ్ళ తాతయ్య స్కూటర్ మీద తీసుకెళ్ళి చూపించారు. గట్టు మీద ఐస్ తింటూ నిలబడ్డవాణ్ణి ఎవరో కోఆర్డినేటరట, ఫోన్‌లో ఫొటో తీసి మా మావయ్యగారి నంబరు రాసుకున్నాడు. నిన్న ఫోన్ చేశాడు. హీరో చిన్నప్పటి వేషం, హైదరాబాద్‌లో ఇరవై రోజులు, తోడుగా ఒకరు రావచ్చు. అయితే ముందు ఫొటోల ఆల్బమ్‌కి ముప్పై అయిదు వేలు కట్టాలట. మా ఆయన వద్దంటే వద్దంటున్నారు. మా అత్తగారు అప్పుడే ఊరంతా చెప్పేశారు. నాకు హీరోల కబుర్లు వద్దండి. చిన్నప్పుడు వేషాలేసిన పిల్లలు తర్వాత చదువుకున్నారా, డబ్బులేమైనా మిగిలాయా, అది తెలిసినవాళ్ళు చెప్పండి.

పులస బాబు
హీరో నాయనమ్మ వేషం ఖాళీ ఉందేమో కనుక్కోండి. మీ అత్తగారికి సరిపోద్ది.

చేపల చెరువు
ముప్పై అయిదు వేలు అన్నచోటే ఆగిపోండి. వేషం ఇచ్చేవాడు డబ్బులిస్తాడు గానీ అడుగుతాడా? మా బావమరిది భీమవరంలో కూతురి కోసం అరవై వేలు కట్టాడు. ఆల్బమ్ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది, వాళ్ళ పెళ్ళి ఆల్బమ్ కంటే దళసరి. వేషం ఇంకా రాలేదు. పిల్ల ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం.

రాజోలు అమ్మాయి
అమ్మో, ఇంటరా!

గోదారి గట్టు
హీరోల కబుర్లు వద్దన్నారు గానీ ఒక్కటి చెప్పకుండా ఉండలేను. మన రాజమండ్రి అలీ ఉన్నాడు కదా. జిత్‌మోహన్ మిత్ర గారి ట్రూపుతో స్టేజీలెక్కిన కుర్రాడు. 1981లో భారతీరాజా సీతాకోకచిలుకలో వేసేసరికి మా వీధి వీధంతా 'మనోడే' అని థియేటర్‌కి పరిగెత్తింది. హీరోగా యమలీల వచ్చింది 1994లో. మధ్యలో పదమూడేళ్ళు! ఆ పదమూడేళ్ళూ పిల్లాడి వేషానికి పెద్ద, పెద్ద వేషానికి చిన్న. మనం ఈ చివరా ఆ చివరా చెప్పుకుని చప్పట్లు కొడతాం.

ఇంకా వెనక్కి వెళ్తే పంగిడిలో పుట్టిన కృష్ణవేణి గారు. కాకినాడ సి. పుల్లయ్య గారు 1936లో అందరూ పిల్లలతోనే సతీ అనసూయ తీశారు. అందులో వేసేనాటికి ఆవిడకి పన్నెండేళ్ళు నిండలేదు. తర్వాత కథానాయిక అయింది, నిర్మాత అయింది. ఎన్టీఆర్ మొదటి సినిమా మనదేశం (1949) ఆవిడ తీసిందే. పోయింది 2025 ఫిబ్రవరిలో, నూరేళ్ళు నిండాక. అంచేత వేషమేస్తే పిల్లలు పాడైపోతారని నేననను. మధ్యలో ఖాళీ ఉంటుంది, దానికి సిద్ధపడాలి.

పులస బాబు
గట్టు గారిని టీ రేటు అడిగినా 1936 నుంచి మొదలెడతారు.

నరసాపురం లేసు
పాత సంగతులెందుకండీ. ఇంద్రలో (2002) చిరంజీవి చిన్నప్పటి వేషం వేసిన పిల్లాడే తేజ సజ్జా. హనుమాన్ (2024) తర్వాత ఎక్కడున్నాడో చూశారుగా. గంగోత్రిలో చిన్నపిల్ల కావ్యా కల్యాణ్‌రామ్, బలగంలో (2023) హీరోయిన్. ఊరికే భయపెట్టేస్తున్నారు ఆవిణ్ణి. వచ్చిన అవకాశాన్ని కాలదన్నుకుంటే మళ్ళీ రమ్మంటే వస్తుందా?

సైలెన్స్ ప్లీజ్
లేసు గారు చెప్పిన పేర్లు నిజమే. నేను ఈ పనిలోనే ఉన్నా, అసిస్టెంట్ డైరెక్టర్‌ని, మాది ముమ్మిడివరం. ఒక్క వేషానికి ఒక్కోసారి రెండు వందల మంది పిల్లల్ని చూస్తాం. ఏం చూస్తామో చెప్పనా? ముందు కళ్ళు. హీరో కళ్ళకి దగ్గరగా ఉండాలి. తర్వాత వయసు కంటే చిన్నగా కనబడాలి, అంటే తొమ్మిదేళ్ళ బుర్ర, ఆరేళ్ళ ఒళ్ళు. తొమ్మిదేళ్ళవాడికి డైలాగ్ చెబితే పడుతుంది. నిజంగా ఆరేళ్ళవాడైతే షాట్ మధ్యలో అమ్మ వైపు చూస్తాడు. ఆపైన రాత్రి తొమ్మిదయ్యాక కూడా మెలకువగా ఉండే పిల్లాడు కావాలి. నటన ఎక్కడో నాలుగోది.

అందుకే మా దగ్గర పొట్టి పిల్లలకి గిరాకీ. పదకొండు, పన్నెండు వచ్చేసరికి ఒక్క వేసవిలో జానెడు ఎదిగిపోతారు. ఎవరూ తిట్టరు, తీసేశామని చెప్పరు. ఫోన్లు రావడం ఆగిపోతుంది.

గోదారి గట్టు
ఎదగడమంటే గుర్తొచ్చింది. లవకుశ 1958లో మొదలైంది. డబ్బు ఇబ్బందులతో మధ్యలో ఆగి, పుల్లయ్య గారబ్బాయి సి.ఎస్. రావు గారు పూర్తి చేస్తే 1963లో విడుదలైంది. లవుడు నాగరాజు, కుశుడు సుబ్రహ్మణ్యం. అయిదేళ్ళలో పిల్లలు ఎంత మారిపోతారో ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి వేరే చెప్పాలా? ఈ మధ్య మనవలతో చూస్తూ ఏ సీన్లో ఎంత పొడుగున్నారో అదే చూశాను, కథ వదిలేసి.

నరసాపురం లేసు
పసివాడి ప్రాణంలో మూగబాబు ఇప్పుడేం చేస్తున్నాడో ఎవరికైనా తెలుసా? ఎంత ముద్దుగా ఉండేవాడో.

టీచరమ్మ
ఆ బాబు బాబు కాదండీ, పాప. సుజిత. వదినమ్మ సీరియల్లో సీత ఆవిడే.

నరసాపురం లేసు
ఏంటీ! ఆ సీరియల్ ఒక్కరోజు వదలకుండా చూశాను నేను. వంట మాడ్చుకుని మరీ.

గోదారి గట్టు
శంకరాభరణంలో శంకరం అనే కుర్రాడు కూడా అమ్మాయే, తులసి. ఇప్పుడు హీరోలకి అమ్మగా వేస్తోంది. 1967లో భక్త ప్రహ్లాదలో ప్రహ్లాదుడు రోజారమణి. ఆవిడ తర్వాత ఎంతమంది హీరోయిన్లకి గొంతు ఇచ్చిందో లెక్కలేదు. ఆవిడ కొడుకే తరుణ్. అతనూ బాలనటుడే, అంజలి (1990)కి జాతీయ అవార్డు, పదేళ్ళకి నువ్వేకావాలి.

పులస బాబు
మగపిల్లల వేషాలు కూడా ఆడపిల్లలే వేస్తే మావాళ్ళకి మిగిలింది కోళ్ళ పందేలే.

సైలెన్స్ ప్లీజ్
కారణం ఉంది బాబు గారూ. ఆ వయసులో ఆడపిల్లలు చెప్పింది తొందరగా పట్టుకుంటారు, చొక్కా మాపుకోరు. ఎలాగూ మగపిల్లల వేషాలకి డబ్బింగ్ ఎక్కువగా ఆడవాళ్ళే చెబుతారు.

గోదారి గట్టు
పాటలూ అంతే. లవకుశుల గొంతులు లీల, సుశీల. స్వాతికిరణంలో (1992) తెర మీద పాడే పిల్లాడు మంజునాథ్, గొంతు వాణీ జయరామ్‌ది. జాతీయ అవార్డు వచ్చింది కూడా ఆవిడకే.

వేదిక పెద్ద
సీరియల్ కబుర్లు, కోడిపందేలు వేరే చర్చలో పెట్టుకోండి. ప్రశ్న అడిగినావిడ ఎదురుచూస్తోంది.

కొబ్బరికొట్టు
గొంతు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. చిన్నప్పుడు నేనూ అయిదు సినిమాల్లో వేశాను. ఒక్కదాంట్లోనూ నా గొంతు లేదు.

పులస బాబు
ఆయ్! ఆరేళ్ళుగా ఇక్కడ కురిడీ ధరలు తప్ప ఇంకో మాట ఎత్తని మనిషివి! ఏ సినిమాలండీ?

నరసాపురం లేసు
పేర్లు చెప్పండి ప్లీజ్.

కొబ్బరికొట్టు
పేర్లు చెప్పను. చెప్పిన పావుగంటలో బాబు గారు యూట్యూబ్‌లో వెతికి నా మొహం ఇక్కడ అతికిస్తారు. మిగతా ఏదైనా అడగండి.

రాజోలు అమ్మాయి
మీరే కావాలండి నాకు. ఎలా వెళ్ళారు, ఎందుకు మానేశారు, అంతా చెప్పండి. పొడుగైనా పరవాలేదు.

కొబ్బరికొట్టు
1983. నాకు ఎనిమిదేళ్ళు, మీవాడిలాగే. మాది అంబాజీపేట పక్కన. మా ఊరి కాలవ గట్టు మీద షూటింగ్. మద్రాసు నుంచి తెచ్చిన పిల్లాడికి అమ్మవారు పోసింది, యూనిట్ మూడు రోజులుగా ఖాళీగా కూర్చుంది. మేకప్ మేన్ బోండాం తాగడానికి మా కొట్టుకొచ్చి, కాయలు లెక్కపెడుతున్న నన్ను చూసి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. డైరెక్టర్ గారు "ఏడవగలవా?" అన్నారు. "ఎందుకూ?" అన్నాను. అందరూ ఘొల్లుమన్నారు. అంతమంది నవ్వేసరికి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. "సరిపోతాడు" అన్నారు. మా నాన్న అప్పుడు లారీకి లోడెత్తిస్తున్నారు, ఆయనకి సాయంత్రం దాకా తెలీదు.

రెండో రోజు నా పై పన్ను ఊడింది. ముందు రోజు ఇంట్లోకి నవ్వుతూ వెళ్ళాను, పన్నుతో. ఈ రోజు అదే ఇంట్లోంచి నవ్వుతూ బయటికి రావాలి, పన్ను లేకుండా. కంటిన్యూయిటీ పోయిందని అసిస్టెంట్ తల పట్టుకున్నాడు. మైనం పెట్టారు, ఎండకి కారిపోయింది. మా నాయనమ్మ కాసేపు చూసి, ముదురు కాయ ఒకటి కొట్టించి, గోరంత ముక్క కత్తిపీట మీద చెక్కి చిగురులోకి నొక్కింది. నిలబడింది! షాట్ అయ్యాక నేనే నమిలేశాను. మళ్ళీ రెండో టేక్ అన్నారు. ఆ రోజు మొత్తం నాలుగు పళ్ళు తిన్నాను. ఇప్పటికీ ఆ సినిమా టీవీలో వస్తే మా వీధిలో ఎవరూ నా నటన చూడరు, ఆ ఒక్క పన్ను ఎంత తెల్లగా ఉందో చూస్తారు.

సినిమా ఆడింది. మద్రాసు రమ్మన్నారు. కొట్టు బాబాయికి అప్పగించి నాన్న నాతో వచ్చారు. రాజమండ్రిలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి మద్రాసు. వడపళనిలో గది, వంట నాన్నే. షూటింగ్ అంటే నటించడం అనుకుంటారు గానీ అందులో ముప్పాతిక వంతు కూర్చోవడమే. పొద్దున్న ఏడింటికి మేకప్ వేస్తారు, మన షాట్ సాయంత్రం నాలుగింటికి. ఈలోపు చొక్కా నలగకూడదు, పులుసు ఒలకకూడదు, పరిగెత్తకూడదు. గోడకి ఆనుకోకుండా నిలబడి నిద్రపోవడం అక్కడే వచ్చింది నాకు. బస్సులో ఇప్పటికీ పనికొస్తోంది.

డబ్బింగ్‌కి నన్ను పిలవలేదు. మన యాస పనికిరాదన్నారు. అమలాపురంలో సినిమా చూస్తుంటే నోరు నాది కదులుతోంది, లోపలి నుంచి ఎవరో పిన్నిగారి గొంతు వస్తోంది. మా అమ్మ "వీడు మనవాడు కాడే" అని పక్కావిడతో అంది. నవ్వుతూనే అంది గానీ నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

1987 ఎండాకాలంలో ఎదిగాను. సైలెన్స్ ప్లీజ్ చెప్పినట్టే, జానెడు. రమ్మన్న ఆఫీసుకి వెళ్తే మేనేజర్ కుర్చీలోంచి లేవకుండా నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసి, నాన్న చేతిలో ఆటోకని యాభై రూపాయలు పెట్టాడు. అంతకు ముందెప్పుడూ ఆటో డబ్బులిచ్చింది లేదు. నాన్న ఆ నోటు మడతపెట్టి జేబులో పెట్టుకుని, ఆటో ఎక్కకుండా నడిపించుకొచ్చారు. నేనేమో యాభై మిగిలిందని ఎగిరాను. అయినా ఇంకో ఏడు నెలలు ఉన్నాం ఆ గదిలో.

లెక్కలడిగారు కదా. నాన్న ఒక నోటుబుక్కులో రాసేవారు, ఆయన పోయాక బీరువాలో దొరికింది. నాలుగున్నరేళ్ళలో వచ్చింది పద్దెనిమిది వేల చిల్లర. అద్దె, తిండి, రైలు, నాకు కొన్న బూట్లు, అన్నీ కలిపి ఖర్చు ఇరవై ఆరు వేలు. రెండు చోట్ల 'రావాలి' అని రాసి కింద గీత గీసి ఉంది. అవి ఇప్పటికీ రావాలి.

తిరిగొచ్చి ఆరో తరగతిలో కూర్చుంటే పక్కవాళ్ళు నాకంటే రెండేళ్ళు చిన్న. లెక్కల మాస్టారు బోర్డు దగ్గరికి పిలిచి "యాక్షన్" అనేవారు. క్లాసంతా నవ్వేది. భిన్నాలు నాకు ఇప్పటికీ రావు. కాయ లెక్క వచ్చు.

నరసాపురం లేసు
అన్నం తింటూ చదివాను. చెయ్యి ఎండిపోయింది.

పులస బాబు
నాలుగు పళ్ళు తిన్న నటుడు దేశంలో మీరొక్కరే. నేనింక వెటకారం చెయ్యను. ఈ రోజుకి.

చేపల చెరువు
బాగా రాశారు. కానీ ఒక మాట అనాలి, ఏమనుకోకండి. ఆ ఏడు నెలలు మీ నాన్నగారు ఎందుకున్నారు? యాభై నోటు చూసి ఆయనకి అర్థమైందని మీరే అంటున్నారు. అర్థమయ్యాక కూడా పిల్లాణ్ణి బడికి దూరంగా ఉంచడం పెద్దాయన తప్పే కదా.

కొబ్బరికొట్టు
మీ చెరువులో రొయ్యకి తెల్లమచ్చ తగిలి పోయాక మళ్ళీ సీడ్ వెయ్యలేదా?

చేపల చెరువు
మూడు సార్లు వేశాను. సరే, మాట వెనక్కి తీసుకుంటున్నా.

టీచరమ్మ
నేను తీసుకోను. చెరువు గారు ముందు అన్నదే నాకు సబబుగా ఉంది. మా బళ్ళో ఒక పాప ఉంది, టీవీ డాన్స్ పోటీకి వెళ్ళి రెండు నెలలకి తిరిగొచ్చింది. తెలివైన పిల్ల. పాఠాలు ఓ నెలలో అందుకుంది, దాంతో ఇబ్బంది రాలేదు. తన పేరు పిలిస్తే పలకడం మానేసింది. పోటీలో పెట్టిన పేరుతో పిలిస్తేనే తిరుగుతుంది. తోటి పిల్లలు మొదటి వారం చుట్టూ తిరిగారు, మూడో వారం ఏడిపించారు, ఆ తర్వాత మర్చిపోయారు. ఆ మర్చిపోవడమే తట్టుకోలేకపోయింది. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక నా టేబుల్ దగ్గరికొచ్చి "టీచర్, నా వీడియో చూస్తారా" అని రోజూ అడిగేది. రోజూ చూసేదాన్ని.

కొబ్బరికొట్టు గారూ, మిమ్మల్ని 'యాక్షన్' అన్న మాస్టారి తరఫున, అదే ఉద్యోగంలో ఉన్నదాన్ని కాబట్టి, సారీ.

కొబ్బరికొట్టు
ఆయన మంచోరేనండి. కొత్త కొట్టు పెట్టినప్పుడు మొదటి బేరం ఆయనదే. పది కాయలు కొని అయిదు రూపాయలు తక్కువిచ్చారు.

నల్లకోటు
అమలాపురంలో ప్రాక్టీసు చేస్తాను. 1983 మాట వేరు, ఇప్పుడు నిబంధనలున్నాయి. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి 2017లో రూల్స్ తెచ్చారు. సినిమా, సీరియల్, యాడ్‌లలో పిల్లలు చెయ్యొచ్చు, సర్కస్‌లో కూడదు. రోజుకి అయిదు గంటలకి మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలకి మించి అసలు కూడదు. వరసగా 27 రోజులకి మించి పనిచేయించకూడదు. షూటింగ్ జరిగే జిల్లా కలెక్టర్ దగ్గర నిర్మాతే అనుమతి తీసుకోవాలి. రాజోలు అమ్మాయి గారూ, మీకు హైదరాబాద్ అన్నారు కాబట్టి కాగితం అక్కడ పుట్టాలి, మన అమలాపురం కలెక్టరేట్‌లో కాదు. చదువు ఆగకుండా ఏర్పాటు చెయ్యాలి. అయిదుగురు పిల్లలకి ఒకరు చొప్పున బాధ్యత గల మనిషిని పెట్టాలి. పిల్లాడి ఆదాయంలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో వాడి పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి, అది మేజర్ అయ్యాక వాడిదే. ఇష్టం లేకుండా ఏ పిల్లాణ్ణీ చెయ్యమనకూడదు, అది కూడా రాసి ఉంది.

డిపాజిట్ సంగతి తక్కువగా చూడకండి. చాప్లిన్ పక్కన ది కిడ్‌లో (1921) వేసిన జాకీ కూగన్ పెద్దయ్యాక చూసుకుంటే అంత సంపాదనా తల్లి, మారుతండ్రి ఖర్చు పెట్టేశారు. కోర్టుకెక్కితే చేతికి వచ్చింది కొంచెమే. ఆ గొడవతోనే 1939లో కాలిఫోర్నియాలో పిల్లనటుల డబ్బుకి చట్టం వచ్చింది.

సైలెన్స్ ప్లీజ్
మేడమ్, రూల్స్ నాకూ తెలుసు. పెద్ద కంపెనీలు ఇప్పుడు ఆ కాగితాలు చేయిస్తున్నాయి, అబద్ధమెందుకు. చిన్నవాటిలోనే పేచీ. అయిదు గంటలంటే మేకప్ కుర్చీ దగ్గర్నుంచా, కెమెరా తిరిగిన దగ్గర్నుంచా అని నిర్మాత వాదిస్తాడు. వాన పడి అయిదు గంటలు కూర్చోబెడితే అది పనా, విశ్రాంతా?

నల్లకోటు
కొబ్బరికొట్టు గారు నిలబడి నిద్రపోయినది విశ్రాంతా? నా దగ్గరికి కేసు వస్తే కుర్చీ దగ్గర్నుంచే లెక్కపెట్టమని వాదిస్తాను.

సైలెన్స్ ప్లీజ్
వాదించండి. నేనూ మీవైపే. లైట్ పోతుంటే మా డైరెక్టర్ చూసే చూపు మాత్రం మీరు చూడలేదు.

పులస బాబు
లాయరు గారూ, మా అమ్మ నన్ను చిన్నప్పుడు పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఆరు గంటలు రుబ్బించేది. ఏ కలెక్టరు?

గోదారి గట్టు
అందరూ హీరో అయ్యాడా లేదా అనే కొలుస్తున్నారు. స్వాతికిరణం మంజునాథ్, మాల్గుడి డేస్‌లో స్వామి కూడా అతనే, నటన వదిలేసి చదువుకుని బెంగళూరులో ఉద్యోగం చేసుకున్నాడు. సాగరసంగమంలో (1983) అడ్డదిడ్డంగా ఫొటోలు తీసే కుర్రాడు గుర్తున్నాడా? చక్రి తోలేటి. పెద్దయ్యాక డైరెక్టరై కమల్ హాసన్‌తోనే సినిమా తీశాడు, 2009లో వచ్చిన ఈనాడు. ఆ ఫొటోల సీన్లో కమల్ ఎలా విసుక్కుంటాడో తల్చుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

నరసాపురం లేసు
కొబ్బరికొట్టు గారు కూడా నష్టపోలేదు అంటాను నేను. కొట్టుంది, కుటుంబముంది.

కొబ్బరికొట్టు
కొట్టు నాన్న వదిలి వెళ్ళినప్పుడు బాబాయి నిలబెట్టాడు కాబట్టి ఉంది లేసు గారూ. లేకపోతే తిరిగి రావడానికి ఏముంది? నాతోపాటు వేసిన ఇంకో అబ్బాయి వాళ్ళది తాడేపల్లిగూడెం వైపు. వాళ్ళ నాన్న ఎకరం పొలం అమ్మి మద్రాసు వచ్చాడు. నాకంటే బాగా చేసేవాడు, నాకంటే ముందు ఎదిగాడు. తర్వాత ఏమయ్యాడో తెలీదు. ఒకసారి రావులపాలెం అరటి మార్కెట్‌లో అలాంటి నడక చూసి లారీ ఆపించాను. వేరే ఆయన.

రాజోలు అమ్మాయి
రెండు రోజులు నేను రాలేదు, మా ఇంట్లో ఇదే రామాయణం. కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి కలెక్టర్ అనుమతి కాగితం చూపించమన్నాను. "అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్, మీరు ఆల్బమ్ డబ్బు పంపండి" అన్నాడు. డిపాజిట్ ఎవరు వేస్తారన్నాను. ఆల్బమ్ పదిహేను వేలకి దిగింది. కంపెనీ ఆఫీసు నంబరు ఇమ్మన్నాను. అయిదు వేలకి దిగింది.

పులస బాబు
ఆశ్వయుజంలో పులస కూడా ఇంత తొందరగా దిగదు.

సైలెన్స్ ప్లీజ్
నేను కనుక్కున్నాను. సినిమా నిజమే, ఆ వేషమూ నిజమే. ఈ కోఆర్డినేటర్ వాళ్ళ మనిషి కాదు. పిల్లల్ని డైరెక్షన్ టీమే చూస్తోంది, పైసా తీసుకోరు. వచ్చే ఆదివారం రాజమండ్రిలో కూడా చూస్తున్నారు. నంబరు మీకు విడిగా పంపాను.

చేపల చెరువు
చూశారా, ముప్పై అయిదు వేలు మిగిల్చాను. చేపల పులుసు పెట్టండి.

రాజోలు అమ్మాయి
పెడతాను గానీ ఇప్పుడు కష్టం ఎక్కువైంది చెరువు గారూ. మోసమైతే వద్దనెయ్యడం తేలిక. నిజమని తేలాక మా ఆయన మెత్తబడ్డారు, నేను బిగుసుకున్నాను. కొబ్బరికొట్టు గారూ, మీరైతే పంపుతారా? సూటిగా చెప్పండి.

కొబ్బరికొట్టు
మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు ఒక సీరియల్ వాళ్ళు అడిగారు. సూటిగా చెప్పాలంటే, వద్దని చెప్పి ఫోన్ పెట్టేసి గంటసేపు దాని వైపే చూస్తూ కూర్చున్నాను, మళ్ళీ మోగుతుందేమోనని.

మీకు చెప్పేది ఇంతే. వేసవి సెలవులైతే వెళ్ళండి, బడి రోజులైతే వద్దు. మీరు వెళ్ళండి, మీ ఆయన్ని పని మాన్పించకండి. డబ్బింగ్ వాడిచేతే చెప్పిస్తారా అని ముందే అడగండి. ఒప్పుకోకపోయినా అడగండి.

టీచరమ్మ
ఇంతమందిమి ఇన్ని చెప్పాం. పిల్లాణ్ణి ఎవరైనా అడిగారా?

రాజోలు అమ్మాయి
ఇప్పుడే అడిగానండి. హోంవర్క్ రాసుకుంటున్నాడు. "నీకు సినిమాలో వెయ్యాలనుందా నాన్నా" అంటే, "ఇరవై రోజులూ బడి ఉండదా?" అన్నాడు. ఉండదన్నాను. "అయితే వెళ్తా."

కొబ్బరికొట్టు
నన్నూ మా నాయనమ్మ అడిగింది. నేనూ అదే చెప్పాను.

నల్లకోటు
ఇది చట్టప్రకారం సమ్మతి కిందికి వస్తుందో రాదో నేను చెప్పలేను.

పులస బాబు
ఆదివారం వెళ్ళేముందు పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండమ్మా.

రాజోలు అమ్మాయి
పైది ఒకటి కదులుతోందండి.